మంచినీటి సరస్సు, దాని ఒడ్డు, అక్కడి జీవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సరస్సు దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్ళ చూపు నేరుగా నడిమి నీళ్ళ మీదికి పోతుంది. నాకూ అలాగే పోయేది. విశాలంగా, మెరుస్తూ కనిపించేది అదే కదా. ఏళ్ళ తరబడి ఒకే ఒడ్డున కూర్చున్నాక తెలిసొచ్చిందేమిటంటే, అక్కడ ఎగిరేవీ ఈదేవీ పాకేవీ చాలావరకు ఏదో ఒక వయసులో ఒడ్డు వెంబడి ఉండే మోకాలి లోతు నీళ్ళను నమ్ముకున్నవే. మనం చెత్తగా చూసే జమ్ము, తుంగ, నల్ల బురద వాటికి ఇల్లు. అందుకే కింది జవాబులు ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి ఒడ్డుకే వస్తాయి.

సరస్సుకూ చెరువుకూ తేడా ఏమిటి?

మాట వరకు చూస్తే, గట్టు వేసి మనుషులు నిలిపిన నీళ్ళు చెరువు, తనంతట తాను ఏర్పడింది సరస్సు. జీవాల పరంగా ఈ తేడాకు పెద్ద విలువ లేదు. అసలు చూడాల్సింది లోతు. ఎండ అడుగుదాకా చేరితే అక్కడ మొక్కలు వేళ్ళూనుకుంటాయి. చేరకపోతే అడుగున చీకటి, పైనుంచి రాలే ఆహారం మీద బతికే కొద్దిపాటి ప్రాణులు. రష్యాలోని బైకాల్ సరస్సు లోతు 1,642 మీటర్లు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు లోతు కొద్ది మీటర్లే. రెండూ మంచినీటి సరస్సులే గానీ, బైకాల్‌లో ఒడ్డు అనేది అంచున సన్నటి పట్టీ. కొల్లేరులాంటి చోట సరస్సు మొత్తం ఒడ్డే అనుకోవచ్చు.

సరస్సు ఎలా పుడుతుంది? ఎప్పటికీ అలాగే ఉంటుందా?

ఉత్తరాది చలి దేశాల్లో ఉన్న సరస్సుల్లో చాలావాటిని హిమానీనదాలు తవ్వాయి. చివరి మంచుయుగం సుమారు 11,700 ఏళ్ళ కిందట ముగిసినప్పుడు ఆ గుంతల్లో నీళ్ళు నిలిచాయి. భూమి పొరలు విడిపోయిన చోట, అగ్నిపర్వతం నోట్లో, నది వంపు తెగి వేరుపడిన చోట కూడా సరస్సులు ఏర్పడతాయి.

నిలిచి ఉండే కాలం మాత్రం దేనికదే. బైకాల్ వయసు 2.5 కోట్ల ఏళ్ళని అంచనా. లోతు తక్కువ సరస్సులు వాగులు తెచ్చే ఒండ్రుతో, రాలి కుళ్ళే మొక్కలతో మెల్లగా పూడుతూ ఉంటాయి. ముందు కలువ లోపలికి జరుగుతుంది, దాని వెనక జమ్ము, ఆ వెనక తుంగ, ఆఖరికి చెట్లు. మామూలుగా ఇది వేల ఏళ్ళ పని. చుట్టుపక్కల కొండలు బోడిచేసి, వాన నీటితో మట్టి నేరుగా దిగేలా చేస్తే ఆ పని ఒక మనిషి జీవితకాలంలోనే జరిగిపోతుంది.

ఒడ్డున ఉన్న జమ్ము, బురద తీసేసి శుభ్రం చేస్తే సరస్సు బాగుపడుతుందా?

నన్ను అందరూ అడిగేది ఇదే. అడిగేవాళ్ళ మనసు మంచిదే. కానీ జవాబు: బాగుపడదు, దెబ్బతింటుంది.

జమ్ము కాండం నీళ్ళలో మునిగిన భాగాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడండి, జారుగా ఉంటుంది. ఆ జారు పూతలో కంటికి కనిపించని పాచి, బాక్టీరియా ఉంటాయి. నత్తలు దాన్నే గీక్కుని తింటాయి. చేపపిల్లలు ఆ కాండాల సందుల్లోనే తిరుగుతాయి, ఎందుకంటే పెద్ద చేప అక్కడ వేగంగా మళ్ళలేదు. కప్ప గుడ్ల జిగురు ముద్దలు ఆ మొక్కలకే చుట్టుకుంటాయి. గాలికి లేచే అలలు జమ్ము దాకా వచ్చి మెత్తబడతాయి, అందువల్ల గట్టు కోసుకుపోదు. పైనుంచి వచ్చే వాన నీరు ఆ మొక్కల మధ్య నెమ్మదించి తన మట్టిని అక్కడే దించుతుంది. అందులోని ఎరువుల్లో కొంత ఆ వేళ్ళు పీల్చుకుంటాయి.

ఇదంతా పీకేసి రాళ్ళు పరిచి కాంక్రీటు గోడ కట్టిన ఒడ్డు నాకు చూపిస్తే, అక్కడ ఏ జీవం లేకుండా పోయిందో వరసగా చెప్పగలను. తూనీగ పిల్లకు ఎక్కడానికి కాండం ఉండదు. లకుముకి పిట్టకు గూడు తవ్వుకునే మట్టి గట్టు ఉండదు. బాతుపిల్లలు నీళ్ళలోంచి గట్టెక్కలేవు. నేను ఎరిగిన ఒక ఒడ్డును ఇలాగే ‘అందంగా’ చేశారు. ఆ మరుసటి ఏడు కప్పల అరుపు ఆ వైపు నుంచి రాలేదు. ఇప్పటికీ అటు నడవాలంటే మనసొప్పదు.

తీయాల్సింది వేరే ఉంది: ప్లాస్టిక్, గాజు, తెగిన వలలు, గాలపు దారాలు. అవి ఎన్ని తీస్తే అంత మేలు. నీళ్ళు పారడానికి కాలువ నోట జమ్ము అడ్డుపడితే దాన్ని కొంత కోయొచ్చు. అదీ గూళ్ళు కట్టే కాలం దాటాక, ఒక్కో ఏడు ఒక్కో ముక్కగా.

నీళ్ళు కొన్నాళ్ళు తేటగా, కొన్నాళ్ళు పచ్చగా ఎందుకు మారతాయి?

లోతు తక్కువ సరస్సు రెండు రకాలుగా స్థిరపడగలదు. ఒకటి, అడుగున మొక్కలు నిండి నీళ్ళు తేటగా ఉండటం. రెండోది, మొక్కలు పోయి నీటిలో తేలే పాచి నిండి పచ్చగా ఉండటం. మొక్కలు ఉన్నప్పుడు బురద కదలదు. డాఫ్నియా అనే ఆవగింజంత నీటిపురుగులు పగలు వాటి నీడన దాక్కుని, చీకటి పడ్డాక బయటికొచ్చి పాచిని వడకట్టి తింటాయి. అందుకే నీళ్ళు తేటగా ఉంటాయి. తేటగా ఉన్నాయి కాబట్టి ఎండ అడుగుకు చేరి మొక్కలు బతుకుతాయి. ఒకదాన్ని ఒకటి నిలబెడతాయన్నమాట.

ఎరువులు, మురుగు ఎక్కువై పాచి ఒక హద్దు దాటితే ఇదే చక్రం వెనక్కి తిరుగుతుంది. ఎండ ఆగుతుంది, మొక్కలు చస్తాయి, బురద లేస్తుంది, నీళ్ళు ఇంకా మబ్బుపడతాయి. అప్పుడు మురుగు ఆపినా సరస్సు వెంటనే పూర్వ స్థితికి రాదు. ఆ ఎరువులు, మురుగుతో వచ్చి అడుగు బురదలో చేరిన ఫాస్ఫరస్ ఏళ్ళపాటు మళ్ళీ నీళ్ళలోకి వస్తూనే ఉంటుంది. చెడిన తర్వాత బాగుచేయడం కంటే చెడకుండా చూసుకోవడం ఎంత తేలికో ఇక్కడ తెలుస్తుంది.

ఫాస్ఫరస్సే అసలు కారణమని కంటికి కట్టినట్టు చూపిన ప్రయోగం కెనడాలో జరిగింది. 1973లో ఆంటారియో రాష్ట్రంలో 226 నంబరు సరస్సును డేవిడ్ షిండ్లర్ బృందం ఒక తెరతో రెండుగా విడదీసింది. ఒక వైపు కార్బన్, నైట్రోజన్ మాత్రమే వేశారు. రెండో వైపు వాటికి తోడు ఫాస్ఫరస్ కూడా వేశారు. రెండో వైపు ముదురాకుపచ్చగా మారింది, మొదటి వైపు మారలేదు. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో చూస్తే ఇంకెవరూ వివరించక్కర్లేదు.

నీళ్ళ తేటదనం మనమే కొలుచుకోవచ్చా?

కొలవొచ్చు, ఎంతో సులువు. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త తెల్లటి పళ్ళాన్ని తాడుతో సముద్రంలోకి దించి, ఎంత లోతులో కనిపించకుండా పోతుందో చూశాడు. సరస్సుల్లో ఇప్పుడు 20 సెంటీమీటర్ల వెడల్పు పళ్ళెం వాడతారు, నాలుగు పావులుగా విడదీసి, ఒక పావు తెలుపు, పక్క పావు నలుపు చొప్పున రంగు వేసి. దాన్ని ‘సెక్కి డిస్క్’ అంటారు. ప్రతి నెలా ఒకే చోట, ఒకే వేళకు కొలిచి రాసి పెట్టండి. రెండేళ్ళ తర్వాత ఆ పుస్తకం మీ సరస్సు గురించి చాలా చెబుతుంది.

పచ్చని తెట్టె కట్టిన నీళ్ళు ప్రమాదమా?

కావచ్చు. పెయింటు ఒలికినట్టు, చారలు చారలుగా కనిపించే తెట్టె ఎక్కువగా సయనోబాక్టీరియా, అంటే పాచిలా కనిపించే ఒక రకం బాక్టీరియా. వాటిలో కొన్ని విషాన్ని తయారుచేస్తాయి. చూసి ఏది విషమో ఏది కాదో చెప్పలేం. కాబట్టి దిగకండి, పిల్లలను ఆడనివ్వకండి, పశువులను, కుక్కలను తాగనివ్వకండి. కాచితే పోతుందనుకోవద్దు, ఆ విషం మరిగించినా పోదు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సు నుంచి నీళ్ళు తీసుకునే అమెరికా నగరం టొలీడోలో ఇదే కారణంగా 4 లక్షల మందికి పైగా జనాన్ని కొళాయి నీళ్ళు తాగొద్దని హెచ్చరించారు.

దారాలు దారాలుగా, చేతికి చుట్టుకునే పచ్చి నాచు వేరు. దానికి భయపడక్కర్లేదు.

ఒడ్డున నురగ, బుడగలు, మట్టి కంపు ఉంటే నీళ్ళు పాడైనట్టేనా?

అన్నిసార్లూ కాదు. ఆకులు, మొక్కలు కుళ్ళినప్పుడు వచ్చే పదార్థాలు నీటి తలతన్యతను తగ్గిస్తాయి. గాలి వీస్తే గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డున గోధుమ వన్నె నురగ చేరుతుంది. వేళ్ళతో నలిపితే అది మట్టి వాసన వేస్తుంది. సబ్బు వాసనో, సెంటు వాసనో వస్తే మాత్రం ఎక్కడినుంచో మురుగు కలుస్తోందని అర్థం. బురదలోంచి లేచే బుడగల్లో ఎక్కువగా మీథేన్ ఉంటుంది, గాలి చొరని చోట ఆకులు కుళ్ళితే అది పుడుతుంది. తొలకరిలో నేల నుంచి వచ్చే వాసనకు కారణమైన జియోస్మిన్ సరస్సు నీళ్ళకూ ఆ మట్టి వాసన ఇస్తుంది.

ఒక తెల్లవారి చేపలన్నీ చచ్చి తేలాయి. ఎవరైనా విషం కలిపారా?

కలిపి ఉండొచ్చు, కానీ ముందు ఆక్సిజన్‌ను అనుమానించండి. పగలు మొక్కలు, పాచి నీటిలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవీ తీసుకునేవే. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వేడి నీళ్ళలో అది ఇంకా తక్కువ నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజులు వరసగా వచ్చి, పాచి చచ్చి కుళ్ళడం మొదలైతే ఒక్క రాత్రిలో అయిపోతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు కనిపిస్తే అది ముందస్తు హెచ్చరిక. పెద్ద చేపలు ముందు చచ్చి చిన్నవి మిగిలితే ఆక్సిజన్ కొరతకే ఎక్కువ అవకాశం. చేపలతో పాటు పక్షులు, కప్పలు కూడా పడి ఉంటే, దేన్నీ ముట్టుకోకుండా అధికారులకు వెంటనే చెప్పండి.

లోతు నీళ్ళలో ఏం జరుగుతుంది?

నీళ్ళు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అందుకే చలి దేశాల్లో సరస్సు పైనుంచి గడ్డకడుతుంది, అడుగున చేపలు బతికిపోతాయి. ఎండాకాలంలో లోతైన సరస్సు పొరలుగా విడిపోతుంది, పైన వెచ్చటి తేలిక నీళ్ళు, కింద చల్లటి బరువు నీళ్ళు. మీరు ఈదుతుంటే కాళ్ళకు హఠాత్తుగా చలి తగిలేది ఆ హద్దు దగ్గరే. చలికాలం దగ్గరపడి పైనీళ్ళు చల్లబడ్డాక గాలికి రెండూ కలుస్తాయి, అడుగుకు మళ్ళీ ఆక్సిజన్ అందుతుంది.

సరస్సు మొత్తం తొట్టిలో నీళ్ళలా మెల్లగా అటూ ఇటూ ఊగుతుంది కూడా. గాలి ఒక వైపుకు నెట్టిన నీళ్ళు గాలి ఆగాక తిరిగి వస్తాయి. జెనీవా సరస్సు మీద జీవితకాలం పనిచేసి, సరస్సుల శాస్త్రానికి పునాది వేసిన ఫ్రాన్స్వా ఫోరెల్ ఈ ఊగుడును ఓపిగ్గా కొలిచాడు.

ఏ పక్షులు కనిపిస్తాయి? వాటిని ఎలా పోల్చుకోవాలి?

పేర్ల జాబితా దేశాన్ని బట్టి మారుతుంది. పక్షి ఎక్కడ నిలబడిందో, ఏం చేస్తోందో చూడటం ముందు నేర్చుకోండి, పేరు తర్వాత వస్తుంది.

కొంగ కాళ్ళ పొడవే దాని హద్దు. అంతకంటే లోతులో నిలబడి వేటాడలేదు. ఒడ్డున కదలకుండా నిలబడి, మెడను వెనక్కి ముడిచి, ఒక్క పోటు. బురదలో ముక్కు గుచ్చుతూ పరిగెత్తే చిన్న పక్షులు నీళ్ళు తగ్గిన పలచటి అంచును వెతుక్కుంటాయి. నీటికాకి లోతుకు మునుగుతుంది, బయటికొచ్చి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. దాని ఈకలు బాతు ఈకల్లా నీళ్ళను పూర్తిగా ఆపలేవు. గూడబాతు ముక్కు కింద సంచీతో నీళ్ళు, చేపలు కలిపి తోడుతుంది.

నా మనసు దోచింది మాత్రం బుడుబుంగ. పిడికెడంత పక్షి, చూస్తుండగానే మునిగిపోయి ఇంకెక్కడో తేలుతుంది. దాని గూడు తేలుతుంది: కుళ్ళిన మొక్కలు పోగుచేసి, జమ్ము కాండానికి తగిలించి కడుతుంది. మనం దగ్గరికి వెళ్తే గూడు వదిలేముందు గుడ్ల మీద తడి ఆకులు కప్పి పోతుంది. మనకు అక్కడ గుడ్లున్నట్టే తెలియదు. పడవ మీదున్నవాళ్ళు దాన్ని చెత్తకుప్ప అనుకుని తెడ్డుతో నెట్టేస్తారు. పిల్లలు పుట్టాక తల్లిదండ్రుల వీపు మీద, రెక్కల కింద కూర్చుని తిరుగుతాయి. బుడుబుంగ కుటుంబం పక్షులు తమ ఈకలనే మింగుతాయి, పిల్లలకూ తినిపిస్తాయి. చేప ముళ్ళు పొట్టకు గుచ్చుకోకుండా ఆ ఈకలు కాపాడతాయని అనుకుంటారు.

వలస పక్షులకు సరస్సు ఎందుకంత ముఖ్యం?

వేల కిలోమీటర్ల దారిలో వాటికి దిగి తినే చోట్లు కొన్నే. టిబెట్, మంగోలియా ప్రాంతాల సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు హిమాలయాలు దాటి భారతదేశపు నీటి తావులకు వస్తుంది. 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు పరికరాలతో నమోదైంది. అంత ప్రయాణం చేసి వచ్చిన పక్షికి పాత ఒడ్డు కనిపించకపోతే వెతుక్కునే ఓపిక ఎక్కడిది?

ఒక దేశం కాపాడి ఇంకో దేశం వదిలేస్తే లాభం లేదు కాబట్టే 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. ప్రపంచానికి ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా ఒకటి ఆ ఒప్పందం కింద ఉంది. క్రమం తప్పకుండా 20,000 నీటి పక్షులకు ఆశ్రయమిచ్చే చోటు దానికి అర్హమని ఒక కొలమానం. కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది.

తూనీగలు నీళ్ళ దగ్గరే ఎందుకు తిరుగుతాయి?

అవి నీటి జీవాలే కాబట్టి. మనం చూసే రెక్కల తూనీగ దాని బతుకులో చివరి కొద్ది వారాలు. అంతకుముందు నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ళ తరబడి, అది రెక్కల్లేని గోధుమ వన్నె పురుగుగా బురదలో వేటాడుతుంది. దాని కింది పెదవి మడతపెట్టిన చేయిలా ఉంటుంది. కన్ను మూసి తెరిచేలోపు విసిరి తోకకప్పనో చేపపిల్లనో పట్టేస్తుంది. ప్రమాదం వస్తే వెనక నుంచి నీళ్ళు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది.

ఒక రాత్రి అది జమ్ము కాండం పట్టుకుని పైకెక్కుతుంది. వీపు మీద చర్మం చీలుతుంది, మెత్తటి తూనీగ బయటికొస్తుంది. రెక్కలు ముడతలు విప్పుకుని గట్టిపడటానికి గంటలు పడుతుంది. అప్పుడు కాండం కదిలినా, గట్టిగా వాన కొట్టినా అది పడిపోతుంది. పొద్దున్నే వెళ్తే ఖాళీ తొడుగులు కాండాలకు అంటుకుని ఉంటాయి. నీళ్ళ నాణ్యత చూడటానికి నేను ముందు వెతికేది వాటినే, ఎందుకంటే ఆ తొడుగు దొరికిందంటే ఆ జీవి తన బాల్యమంతా ఆ నీళ్ళలోనే గడిపిందని రుజువు.

ఆల్చిప్పల వల్ల ఉపయోగం ఏమిటి?

నీళ్ళు వడకడతాయి. పెద్ద ఆల్చిప్ప ఒకటి రోజుకు పదుల లీటర్లు తనలోంచి పోనిచ్చి పాచిని తింటుంది. ఎక్కువ జాతుల ఆల్చిప్ప పిల్లలు కొన్నాళ్ళు చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని బతికి, తర్వాత రాలి బురదలో స్థిరపడతాయి. అంటే సరైన చేప పోతే ఆల్చిప్పా పోతుంది. బిట్టర్‌లింగ్ అనే చేప దీనికి ఎదురు: తన గుడ్లను బతికున్న ఆల్చిప్ప లోపల పెడుతుంది.

నీటికుక్క కనిపించే అవకాశం ఉందా?

ఉన్నా మీకు కనిపించడం అరుదు. గుర్తులు వెతకండి. నీళ్ళ పక్కన ఎత్తైన రాయి మీద, దుంగ మీద చేప పొలుసులు, ఎండ్రకాయ పెంకులు కలిసిన రెట్ట ఉంటే అది దాని సంతకం. బురదలో ఐదు వేళ్ళ అడుగు పడుతుంది. మధ్యమధ్యలో పొదలు మిగిలిన ఒడ్డు లేకపోతే అది ఉండదు.

పాములు ఉంటాయా?

ఉంటాయి. కప్పలు, చేపలు ఉన్నచోట వాటిని తినేవీ ఉంటాయి. నీళ్ళలో కనిపించే పాముల్లో విషం లేనివి చాలానే ఉన్నాయి, కానీ దూరం నుంచి చూసి తేల్చుకోవద్దు. అడుగు చూసి వేయండి, దారి వదలండి. చంపొద్దు.

బయటి మొక్కలు, చేపలు వస్తే నష్టమేమిటి?

గుర్రపుడెక్క అమెజాన్ ప్రాంతపు మొక్క. ఊదా పువ్వు అందంగా ఉందని ప్రపంచమంతా తీసుకెళ్ళారు. అనుకూలమైన చోట రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. నీటి మీద చాపలా పరుచుకుని ఎండను ఆపుతుంది, కింద మొక్కలు, ఆక్సిజన్ రెండూ పోతాయి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో దాన్ని తగ్గించడానికి 1990లలో దాన్ని తినే ముక్కుపురుగులను వదిలారు. అదే సరస్సులో 1950లలో వేసిన నైలు పెర్చ్ అనే పెద్ద చేప, అక్కడ తప్ప ఎక్కడా లేని చిన్న చేపల జాతులను వందల్లో మట్టుబెట్టిందని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇంట్లో పెంచుకున్న చేపనో, తాబేలునో, తొట్టిలోని నీటి మొక్కనో దయతలచి సరస్సులో వదలకండి. ఒక సరస్సులో వాడిన పడవ, వల, బూట్లు మరో సరస్సుకు తీసుకెళ్ళే ముందు అంటుకున్నవన్నీ తీసేసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

పక్షులకు బ్రెడ్డు వేయొచ్చా?

వద్దు. పోషకాలు తక్కువ, మిగిలింది కుళ్ళి పాచికి ఎరువవుతుంది.

చేపలు పట్టేవాళ్ళు ఏం చూసుకోవాలి?

తెగిన దారం ఒక్క మూర కూడా వదలొద్దు. పక్షి కాలికి చుట్టుకుంటే అది రోజుల తరబడి నరకం పడి చస్తుంది. సీసపు గుండ్లు వాడొద్దు. పక్షులు గులకరాళ్ళనుకుని మింగి విషంతో చనిపోతాయి. బ్రిటన్‌లో హంసలు ఇలా చనిపోతుంటే 1987లో చాలా సైజుల సీసపు గుండ్లను నిషేధించారు, తర్వాత హంసల సంఖ్య కోలుకుంది.

ఒక్క గంటే తీరిక ఉంది. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి?

సూర్యోదయానికి అరగంట ముందు చేరుకోండి. వ్యూ పాయింట్ వద్దు. జమ్ము ఆగి ఖాళీ నీళ్ళు మొదలయ్యే మలుపు ఒకటి వెతుక్కుని, గాలి మీ ముఖానికి తగిలేలా, సూర్యుడు మీ వెనక వచ్చేలా కూర్చోండి. మట్టి రంగు బట్టలు, 8×42 బైనాక్యులర్ చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మొదటి పది పదిహేను నిమిషాలు ఏమీ కనిపించదు, మీ రాకకు అన్నీ దాక్కుని ఉంటాయి. లేవకండి. ముందు కప్ప ఒకటి మళ్ళీ అందుకుంటుంది, తర్వాత జమ్ములో ఎక్కడో కాండం ఒకటి గాలి లేకుండానే కదులుతుంది. ఆ కాండం మీదే చూపు నిలపండి.